వంటింటి పనులను ఆటలుగా మార్చవచ్చా?

ప్రశ్న (కావలి): మా పదేళ్ల అమ్మాయికి మొలగొలుకుల బియ్యంలో రాళ్లు ఏరడం, డబ్బాలు సర్దడం విసుగు. ఆగ్మెంటెడ్ రియాలిటీతో, అంటే ఫోన్ కెమెరాలో కనిపించే వంటింటి మీదనే బొమ్మలు, పాయింట్లు చూపిస్తూ, వీటిని ఆటలుగా మార్చడం సాధ్యమేనా?

జవాబు (ఒంగోలు): సాధ్యమేనండీ. 2016లో వచ్చిన పోకెమాన్ గో అనే ఫోన్ ఆట ఇలాగే వీధులనే ఆటస్థలం చేసింది. అయితే కెమెరా ఉపరితలం మీది మచ్చలను, అంచులను గుర్తుపెట్టుకుని బొమ్మను నిలుపుతుంది కనుక, మెరిసే స్టీలు గిన్నెల మీద తడబడుతుంది; గళ్ల గుడ్డ పరిచిన బల్ల మీద చక్కగా నిలుస్తుంది. వెలుతురు కూడా బాగుండాలి.

జవాబు (కందుకూరు): రాళ్లు ఏరడానికి మాత్రం వద్దమ్మా. ఒక చేత ఫోన్ పట్టుకుంటే చేట చెరగడమే కుదరదు. పొయ్యి, కత్తిపీట దగ్గర చూపు తెర మీద ఉండడం నిజంగా ప్రమాదం.

ప్రశ్న అడిగినవారు: అయితే ఫోన్‌ను గూట్లో నిలబెట్టి, పప్పుల డబ్బాలు సర్దడంతోనే మొదలుపెడతామండీ.