ఇండిపెండెంట్ సినిమాకి పెద్ద అవార్డు ఎవరివ్వాలి: జ్యూరీనా, ప్రేక్షకులా?

చివరి_వరస:
ఫెస్టివల్‌లో పెద్ద అవార్డు ప్రేక్షకుల ఓటుకే వదిలేయాలంటాను. స్టార్లు లేని, పబ్లిసిటీకి డబ్బుల్లేని సినిమాకి కావాల్సింది టాక్. అది పుట్టేది హాల్లోనే. అమెరికాలో ఇండిపెండెంట్ సినిమాలకు పేరున్న, ఇప్పుడు సన్‌డాన్స్ అంటున్న ఫెస్టివల్‌లో 1989లో జ్యూరీ బహుమతి ‘ట్రూ లవ్’కి వెళ్లింది. ప్రేక్షకులు మాత్రం స్టీవెన్ సోడర్‌బర్గ్ తొలి సినిమా ‘సెక్స్, లైస్ అండ్ వీడియోటేప్’కి ఓటేశారు. అమెరికాలో చిన్న సినిమాకీ మార్కెట్ ఉందని బయ్యర్లకు నమ్మకం కుదిర్చింది ఆ సినిమానే. టొరంటో ఫెస్టివల్‌లో అయితే ప్రేక్షకుల ఓటుతో ఇచ్చే పీపుల్స్ చాయిస్ అవార్డుకే అన్నిటికంటే పెద్ద పేరు. ‘స్లమ్‌డాగ్ మిలియనీర్’ని నేరుగా డీవీడీలో వదిలేద్దామా అన్న ఆలోచన కూడా ఒక దశలో నడిచింది. 2008లో టొరంటో ప్రేక్షకులు దాన్నే గెలిపించారు. తర్వాత ఎనిమిది ఆస్కార్లు.

రీలు_డబ్బా:
అదే 1989లో కేన్స్ జ్యూరీ ఆ సోడర్‌బర్గ్ సినిమాకే తమ అతిపెద్ద అవార్డు పామ్ డి ఓర్ ఇచ్చింది కదండీ! జ్యూరీలకు చూపు ఆనదు అనడానికి మీ ఉదాహరణ సరిపోదు.

నేను 1960 గురించి చెప్తాను. కేన్స్‌లో ఇటలీ దర్శకుడు ఆంటోనియోని తీసిన ‘లావెంచురా’ షో పడింది. ఒకమ్మాయి దీవిలో కనిపించకుండా పోతుంది. ఏమైందో సినిమా చెప్పదు, వెతికేవాళ్లే మెల్లగా ఆమెను మర్చిపోతారు. హాల్లో ఒకటే గోల, వెక్కిరింపు నవ్వులు. ఆ రాత్రి ఓటింగ్ పెట్టి ఉంటే ఆ సినిమా పని అక్కడితో అయిపోయేది. మర్నాడు కొందరు దర్శకులు, విమర్శకులు దానికి మద్దతుగా సంతకాలు చేసి ప్రకటన ఇచ్చారు. చివరికి జ్యూరీ బహుమతి వచ్చింది. రెండేళ్లు తిరిగేసరికి, 1962లో, ‘సైట్ అండ్ సౌండ్’ పత్రిక విమర్శకుల పోల్‌లో ప్రపంచంలోనే రెండో స్థానం. చూసి బయటికొచ్చిన ఐదు నిమిషాల్లో వేసే ఓటు ఇలాంటి సినిమాని ఎప్పటికీ పట్టుకోలేదు.

మ్యాట్నీ_షో:
జ్యూరీదీ, ప్రేక్షకులదీ రెండు అవార్డులూ కొట్టినవి ఉన్నాయి. సన్‌డాన్స్‌లో 2014లో ‘విప్లాష్’, 2021లో ‘కోడా’. వాటితో పేచీ లేదు. గొడవంతా రెండోసారి చూస్తే తప్ప ఎక్కని సినిమాల గురించే.

ఓట్ల_పెట్టె:
ఒక చిన్న ఫెస్టివల్‌లో వాలంటీర్‌గా ఓటు చీటీలు లెక్కపెట్టాను, అందుకే ఈ మాట. చీటీ మీద ఒకటి నుంచి ఐదు దాకా అంకెలుంటాయి. మీరిచ్చే మార్కు దగ్గర చింపి పెట్టెలో వేయాలి. తర్వాత సగటు తీస్తారు కాబట్టి చిన్న హాల్లో పడ్డ సినిమాకి అన్యాయం జరగదంటారు. సరే. కానీ మొదటి షోకి సగం హాలు యూనిట్ వాళ్లూ, వాళ్ల చుట్టాలూ. ఆ చీటీలన్నీ ఐదు దగ్గరే చిరిగి ఉంటాయి.

అంతకన్నా నన్ను బాధపెట్టేది సగటు. ఒక నెమ్మదైన సినిమాకి వచ్చిన చీటీల్లో కొన్ని ఒకటి దగ్గర, కొన్ని ఐదు దగ్గర చిరిగాయి, మధ్యలో దాదాపు ఏమీ లేవు. ఒకదాని వెనక పెన్సిల్‌తో ‘మళ్లీ ఎప్పుడు వేస్తారు?’ అని రాసి ఉంది. లెక్కలో అదీ ఒక ఐదే. సగటు మూడు దగ్గర ఆగింది. అందరికీ ఓ మోస్తరుగా నచ్చిన సినిమా నాలుగుతో గెలిచింది. ప్రాణం పెట్టి ప్రేమించేవాళ్లున్న సినిమాని ఈ పద్ధతి గెలవనివ్వదు.

చివరి_వరస:
సగటు బదులు ఐదులు మాత్రమే లెక్కపెట్టండి, ఆ సమస్య చాలావరకు తీరుతుంది. జ్యూరీ సమస్యకి మందేదండీ? నలుగురైదుగురు తలుపులేసుకుని తేలుస్తారు, వేదిక మీద రెండు వాక్యాలు చదివి దిగిపోతారు. ఓడిన దర్శకుడికీ తెలీదు, గెలిచినవాడికీ తెలీదు ఎందుకో. పోస్టర్ మీద అవార్డు వచ్చిందని చెప్పే ఆకుల గుర్తు పడుతుంది గానీ, దాన్ని చూసి టికెట్ కొనేవాడికి ఏం అర్థమవుతుంది?

రీలు_డబ్బా:
ఐదులే లెక్కపెడితే చుట్టాలు ఎక్కువున్న సినిమా గెలుస్తుంది, పైన చెప్పారుగా. జ్యూరీని నేను వదులుకోను. కానీ కారణం చెప్పాలన్న మాట న్యాయమైనది. చివరి రోజు గెలిచిన సినిమాలు మళ్లీ వేస్తారు కదా, ఆ షో అయ్యాక జ్యూరీలో ఒకరు మైకు పట్టుకుని నిలబడాలి. ఏ సీన్ చూసి ఇచ్చారో, ఎవరు ఒప్పుకోలేదో చెప్పాలి. నచ్చనివాళ్లు అక్కడే అడగాలి. ఇది అవార్డుల రాత్రి పూలగుత్తుల కన్నా ఆ సినిమాకి ఎక్కువ పనికొస్తుంది. ఈసారి నిర్వాహకులకు రాయబోతున్నాను. మీరు ప్రేక్షకుల పక్షమే అయినా సంతకం పెడతారా?

చివరి_వరస:
పెడతాను. ఓటు చీటీల లెక్క కూడా బయటపెట్టాలని అందులో చేర్చండి.