1961-62 నాటి ట్విస్టు యుగళగీతాల ఆల్బమ్‌లను ఎలా వినాలి?

గ్రామఫోన్ శ్రోత:
అందరికీ నమస్కారం. అమెరికన్ రాక్ అండ్ రోల్ తొలినాటి రికార్డులను వరుసగా వింటున్న నాకు ఒక సందేహం వచ్చింది. ఫిలడెల్ఫియాకు చెందిన కామియో-పార్క్‌వే రికార్డుల సంస్థ 1961లో గాయకులు బాబీ రైడెల్, చబ్బీ చెకర్ కలిసి పాడిన ఆల్బమ్‌ను, 1962లో చబ్బీ చెకర్, గాయని డీ డీ షార్ప్ కలిసి పాడిన 'డౌన్ టు ఎర్త్' ఆల్బమ్‌ను విడుదల చేసింది. ట్విస్టు అనేది జంటలోని ఇద్దరూ ఒకరినొకరు తాకకుండా, ఎవరి చోట వారు నిలబడి చేసే నృత్యం. అటువంటి నృత్యం ఊపులో ఉన్న రోజుల్లో యుగళగీతాలకు అంత ప్రాధాన్యం ఎందుకు వచ్చింది? ఇద్దరు ప్రసిద్ధుల పేర్లను ఒకే అట్టమీద వేసి అమ్ముకోవడానికే ఈ ఆల్బమ్‌లు వచ్చాయా, లేక వీటిలో శ్రద్ధగా వినవలసిన సంగీతం ఉందా? తెలిసినవారు వివరంగా రాయగలరని మనవి.

నల్లబిళ్ళ:
శ్రోత గారూ, వ్యాపార దృష్టి ఉన్నమాట నిజమే కానీ, దానితోనే ఈ రికార్డులను కొట్టిపారేయడం న్యాయం కాదని నా అభిప్రాయం.

బెర్నీ లోవ్, కాల్ మాన్ 1956లో స్థాపించిన కామియోకు, ఆ తరువాత దానికి తోడుగా వచ్చిన పార్క్‌వేకు పెద్ద అండ ఆ ఊళ్ళోనే తయారయ్యే టెలివిజన్ కార్యక్రమం. డిక్ క్లార్క్ నిర్వహించిన 'అమెరికన్ బ్యాండ్‌స్టాండ్' 1957 ఆగస్టు 5 నుంచి ఏబీసీ టీవీ సంస్థ ద్వారా దేశమంతటా ప్రసారం కావడం మొదలైంది. బడి వదిలిన తరువాత ఫిలడెల్ఫియా పిల్లలు స్టూడియోలో వేసిన స్టెప్పులను మిగతా రాష్ట్రాల పిల్లలు టీవీ ముందు నిలబడి నేర్చుకునేవారు. అందువల్ల ఒక నృత్యం పేరును, దానిని చేసే పద్ధతిని పాటలోనే చెప్పేస్తే ఆ పాటకు ప్రచారం దానంతట అదే జరిగేది. 1961లో 'పోనీ టైమ్', 'బ్రిస్టల్ స్టాంప్', 1962లో 'ది వా-వటూసీ', 'మ్యాష్డ్ పొటాటో టైమ్', 'లింబో రాక్' అన్నీ ఈ సంస్థ నుంచే వచ్చాయి. వీటిలో 'పోనీ టైమ్' ప్రజాదరణను బట్టి పాటలకు స్థానాలిచ్చే బిల్‌బోర్డ్ పత్రిక పట్టికలో మొదటి స్థానానికి చేరగా, తక్కిన నాలుగూ రెండో స్థానం వరకు వెళ్ళాయి.

ఇక మీరు అడిగిన అసలు విషయానికి వస్తాను. నృత్యం నేర్పే పాటలో, గొంతు ఒక్కటే వినిపించినా, నేర్పేవారు, నేర్చుకునేవారు అని ఇద్దరు మనుషులు ఎప్పుడూ ఉంటారు. చెకర్ ఒక్కడే పాడినప్పుడు నేర్చుకునే వ్యక్తి వినేవాడే. యుగళగీతంలో ఆ రెండో మనిషికి కూడా ఒక గొంతు దొరుకుతుంది. రైడెల్‌తో కలిసి పాడిన 'టీచ్ మీ టు ట్విస్ట్' పాటకు ఆధారం ఇదే. జంట చేతులు వదిలేసి దూరంగా నిలబడిన నృత్యానికి, ఆ ఇద్దరి మధ్య సంబంధాన్ని పాటలోని సంభాషణ నిలబెట్టిందని నేను అనుకుంటాను.

అయితే రెండు ఆల్బమ్‌లూ ఒక స్థాయివి కావు. రైడెల్‌తో చేసినది టెలివిజన్ వినోద కార్యక్రమం ధోరణిలో సాగుతుంది. ఒకరి హిట్ పాటలను మరొకరు అందుకోవడం, సరదా మాటలు, క్రిస్మస్ పాటలు అందులో ఎక్కువ. అది వినడానికి హాయిగా ఉంటుందే కానీ, ఇద్దరి గొంతుల మధ్య ఒరిపిడి లేదు. డీ డీ షార్ప్ విషయం వేరు. 1962లో మూడో స్థానానికి చేరిన 'స్లో ట్విస్టిన్' పాటను జాగ్రత్తగా వినండి. వేగం తగ్గించడం వల్ల ఆమె బదులు పలకడానికి చోటు దొరికింది. అప్పటికి పదహారేళ్ళ వయసున్న ఆ అమ్మాయి గొంతులో చర్చి పాటల తరిఫీదు స్పష్టంగా తెలుస్తుంది.

తాళగతి:
నల్లబిళ్ళ గారు చెప్పినదానికి ముందు కథ కూడా చేర్చాలి, ఎందుకంటే ఈ పద్ధతి ఫిలడెల్ఫియాలో పుట్టలేదు. న్యూ ఆర్లియన్స్‌కు చెందిన షర్లీ అండ్ లీ 1956లో 'లెట్ ద గుడ్ టైమ్స్ రోల్' పాడినప్పుడు, ఇద్దరూ కలిసి శ్రుతి కలపడం కంటే ఒకరి తరువాత ఒకరు అందుకోవడానికే మొగ్గు చూపారు. అదే ఏడాది చివర వచ్చిన మికీ అండ్ సిల్వియా పాట 'లవ్ ఈజ్ స్ట్రేంజ్' మధ్యలో పాట ఆగి, ఇద్దరూ మాట్లాడుకుంటారు. ఈ దారిలో నాకు అన్నింటికంటే ఇష్టమైనవి 1960లో డైనా వాషింగ్టన్, బ్రూక్ బెంటన్ మెర్క్యురీ సంస్థకు పాడిన రెండు యుగళగీతాలు. 'బేబీ (యూవ్ గాట్ వాట్ ఇట్ టేక్స్)'లో తన వంతు రాకముందే బెంటన్ అందుకోగా ఆమె అక్కడికక్కడే అతణ్ణి ఆటపట్టిస్తుంది; నిర్మాత క్లైడ్ ఓటిస్ దానిని తీసివేయకుండా రికార్డులో అలాగే ఉంచాడు. ఆ నిర్ణయం ఎంత విలువైనదో పాట వింటే తెలుస్తుంది. కామియో యుగళగీతాలలో నాకు లోటుగా కనిపించేది ఆ స్వేచ్ఛే: అక్కడ చిలిపి మాటలు కూడా ముందే రాసిపెట్టినట్లు వినిపిస్తాయి.

సంగీతం నిర్మాణం గురించి ఒక మాట. చెకర్ పాడిన 'ది ట్విస్ట్' పన్నెండు బార్ల (తాళ ఆవృత్తాల) బ్లూస్ చట్రంలో నడిస్తే, కాల్ మాన్, డేవ్ అపెల్ 1961లో రాసిన 'లెట్స్ ట్విస్ట్ అగైన్' డూ-వాప్ (గాయక బృందం గొంతులు కలిపి పాడే పాప్ శైలి) పాటలలో తరచుగా వినిపించే నాలుగు కార్డుల (ఒకేసారి పలికే స్వరగుచ్ఛాల) వరుసమీద నడుస్తుంది. నృత్యం పేరు ఒకటే అయినా రెండో పాటలో బ్లూస్ ఛాయ తగ్గి, పాప్ తీపి పెరిగింది. మన దేశానికి చేరినది కూడా ఈ రెండో పాటే. 1965లో 'భూత్ బంగ్లా' హిందీ చిత్రానికి ఆర్.డి. బర్మన్ కూర్చగా మన్నా డే పాడిన 'ఆవో ట్విస్ట్ కరేఁ' దాని బాణీ మీద ఆధారపడినదే.

సాయంకాలం:
ఇద్దరూ చాలా చక్కగా రాశారు. కానీ హ్యాంక్ బాలర్డ్ పేరు లేకుండా ఈ చర్చ సాగడం నాకు బాధ కలిగించింది. 'ది ట్విస్ట్' ఆయన రాసి, మిడ్‌నైటర్స్ బృందంతో పాడిన పాట. 1959లో కింగ్ సంస్థ దానిని ఒక రికార్డు రెండో వైపున వేసింది. 1960లో చెకర్ దానిని దాదాపు అదే తీరులో పాడి, ఆగస్టులో డిక్ క్లార్క్ శనివారం కార్యక్రమంలో ప్రదర్శించిన తరువాత అది సెప్టెంబరులో మొదటి స్థానానికి చేరింది. పెద్దలు కూడా న్యూయార్క్‌లోని పెప్పర్‌మింట్ లౌంజ్ అనే నృత్యశాలలో ట్విస్టు చేయడం మొదలుపెట్టాక, 1962 జనవరిలో అదే రికార్డు రెండోసారి మొదటి స్థానం అందుకుంది. అంతటి విజయానికి మూలమైన మనిషిని రెండు వాక్యాలతోనైనా తలచుకోవలసిందే.

రైడెల్-చెకర్ ఆల్బమ్‌ను ఆ కాలం దృష్టితో కూడా చూడాలి. 1957లో అలన్ ఫ్రీడ్ టీవీ కార్యక్రమంలో నల్లజాతి గాయకుడు ఫ్రాంకీ లైమన్ ఒక తెల్ల అమ్మాయితో నృత్యం చేసినందుకు దక్షిణాది స్టేషన్లు మండిపడ్డాయి, ఆ కార్యక్రమం కొద్దికాలానికే ఆగిపోయింది. బ్యాండ్‌స్టాండ్ స్టూడియోలోకి కూడా నల్లజాతి పిల్లలకు ప్రవేశం దొరకడం చాలా కష్టంగా ఉండేదని తరువాతి పరిశోధనలు చూపాయి. అటువంటి ఊళ్ళో, దక్షిణ ఫిలడెల్ఫియా వీధుల్లో పెరిగిన ఒక ఇటాలియన్ కుటుంబపు కుర్రవాడు (రైడెల్), ఒక నల్లజాతి కుర్రవాడు (చెకర్) సమానంగా ఒకే ఆల్బమ్‌లో కనిపించడం చిన్న విషయం కాదు. సంస్థ ఆ ఉద్దేశంతోనే దీనిని చేసిందని నేను అనను. ఆ ఇద్దరి స్నేహం, అమ్మకాల లెక్క రెండూ అందులో ఉండి ఉంటాయి. అయినా రికార్డు అక్కడ ఉంది, ఇళ్ళలోకి వెళ్ళింది.

గ్రామఫోన్ శ్రోత:
అందరికీ కృతజ్ఞతలు. సాయంకాలం గారు చెప్పిన కోణం నాకు అసలు తట్టలేదు. వినే వరుస కూడా సూచించగలరా? ఈ సంస్థ పాటలు అంత కాలం సీడీలలో ఎందుకు దొరకలేదో కూడా తెలుసుకోవాలని ఉంది.

నల్లబిళ్ళ:
ముందుగా బాలర్డ్ 'ది ట్విస్ట్', ఆ వెంటనే చెకర్ పాడినది వినండి. తరువాత తాళగతి గారు చెప్పిన వాషింగ్టన్-బెంటన్ పాటలు, ఆపైన 'స్లో ట్విస్టిన్', 'మ్యాష్డ్ పొటాటో టైమ్' వినండి. ఈ చివరి పాట మార్వెలెట్స్ బృందం 1961లో పాడిన 'ప్లీజ్ మిస్టర్ పోస్ట్‌మాన్'ను ఎంతగా అనుసరించిందో కూడా గమనించవచ్చు. రైడెల్ ఆల్బమ్‌ను ఆఖరున ఉంచుకోండి.

దొరకకపోవడానికి కారణం యాజమాన్యం మారడమే. 1964లో బ్యాండ్‌స్టాండ్ లాస్ ఏంజెలెస్‌కు తరలిపోయింది, అదే ఏడాది ఇంగ్లండ్ నుంచి బీటిల్స్ బృందం వచ్చింది. సంస్థకు ఊళ్ళో ఉన్న అండ, బయట ఉన్న గిరాకీ రెండూ ఒకేసారి తగ్గాయి. 1967లో దానిని అలెన్ క్లైన్ కొన్నాడు. ఆయన తరువాతి సంస్థ అబ్కో ఆ అసలు రికార్డింగులను దశాబ్దాలపాటు సీడీలుగా వేయలేదు. 2005లో 'కామియో పార్క్‌వే 1957-1967' అనే బాక్స్ సెట్ (ఒకే పెట్టెలో అనేక సీడీలు) వచ్చాకే అవి సక్రమంగా అందుబాటులోకి వచ్చాయి. వీలైతే దానితో మొదలుపెట్టండి. సంస్థ పాటలన్నీ ఒకచోట వింటున్నప్పుడు డీ డీ షార్ప్‌కు రావలసినంత పేరు రాలేదని మీరు కూడా అంగీకరిస్తారు.