నల్లని పెంకు పురుగు జాతి తేలడం లేదు, దయచేసి సాయం చేయగలరు

దుంగచాటు:

అందరికీ నమస్కారం. నిన్న అడవిలో నడుస్తుండగా ఒక నల్లని పెంకు పురుగు దొరికింది. దాని పేరు తెలుసుకుందామని నాలుగు గంటలుగా తల బద్దలు కొట్టుకుంటున్నాను, ఇంతవరకు ఏమీ తేలలేదు. ఫోటో చూసి పేరు చెప్పే యాప్ మొదట ఒక పేరు చెప్పింది, అదే ఫోటోను కొంచెం కత్తిరించి మళ్లీ పెడితే ఇంకో పేరు చెప్పింది, మూడోసారి ఏకంగా వేరే కుటుంబాన్నే చూపించింది. పుస్తకంలోని బొమ్మలతో పోల్చి చూద్దామంటే నల్లగా, కోలగా ఉన్నవే పేజీలకు పేజీలు ఉన్నాయి. పురుగు నల్లగా ఉంది, మెరుపు అంతగా లేదు, మీసాలు పొట్టివి, బొటనవేలి గోరంత ఉంటుంది, కాలి చివర నాలుగు కణుపులు ఉన్నాయి. పై నుంచి తీసిన ఫోటో జత చేశాను. ఇంతకంటే చెప్పవలసింది ఏమీ ఉన్నట్టు లేదు. దీని జాతి ఏమిటో ఎవరైనా కచ్చితంగా చెప్పగలరా?

ఆరుకాళ్లు:

పై నుంచి తీసిన ఒక్క ఫోటోతో నల్లని పెంకు పురుగు జాతి చెప్పడం కుదరదు. పక్కన స్కేలు పెట్టి, కింది భాగం ఫోటో తీసి పంపండి.

ఆకుతొలుపు:

కాలి చివర నాలుగే కణుపులు ఉన్నాయంటున్నారు కాబట్టి ఇది ఆకులు తినే క్రైసోమెలిడే కుటుంబంలోదైనా అయి ఉండాలి, పొడవు మీసాల సెరాంబిసిడే కుటుంబంలోదైనా అయి ఉండాలి. మీసాలు పొట్టివన్నారు కాబట్టి నేను మొదటిదాని వైపే మొగ్గుతాను. ఆ కుటుంబాల్లో నిజానికి కణుపులు అయిదు ఉంటాయి. మూడోది రెండు తమ్మెలుగా, హృదయాకారంలో విచ్చుకుని, వెంట్రుకల మెత్తలాంటి అడుగుతో ఉంటుంది, నాలుగోది మరీ చిన్నదై ఆ తమ్మెల మధ్య దాక్కుంటుంది. అందువల్ల మామూలు కంటికి నాలుగే లెక్కకు వస్తాయి. మీరు ఆ మూడో కణుపు ఆకారాన్ని చూసి చెబితే విషయం తేలిపోతుంది.

పచ్చికబయలు:

పేరు సంగతి చూసేవారు చూస్తారు, నేను ఒక్క విషయం అడగదలిచాను. పురుగు ఇప్పుడు ఎక్కడ ఉంది? "దొరికింది" అన్నారు కానీ వదిలేశానని ఎక్కడా అనలేదు. రాయి కిందనో, దుంగ కిందనో దొరికి ఉంటే ఆ రాయిని, ఆ దుంగను మళ్లీ ఉన్నచోటనే, ఉన్న వైపునే పెట్టారా? చాలామంది దుంగను తిరగేసి, ఫోటో తీసుకుని, అలాగే వెల్లకిలా వదిలేసి వెళ్లిపోతారు. ఏళ్ల తరబడి తేమ నిలిచి, బూజు పట్టి, మెత్తబడిన ఆ అడుగు భాగం ఒక్క మధ్యాహ్నపు ఎండకు ఎండిపోతుంది. కొమ్ముల్లాంటి దవడలు ఉండే స్టాగ్ పెంకు పురుగుల లార్వాలు కుళ్లిన చెక్కలో కొన్ని సంవత్సరాలు పెరిగి గాని బయటికి రావు. అలాంటి చోటును మనం కదిలించామంటే ఎన్నో ఏళ్లుగా సాగుతున్న ఒక పనిని మధ్యలో ఆపేసినట్టు. పేరు తెలుసుకోవాలన్న ఆసక్తి మంచిదే, అయితే దుంగను సరిగ్గా మూసివేయడం ఆ ఆసక్తిలో మొదటి భాగం కావాలని నా విన్నపం.

దుంగచాటు:

పచ్చికబయలు గారూ, దుంగను ఎలా ఉన్నదాన్ని అలాగే పెట్టాను. పురుగు గాజు సీసాలో తడి ఆకుతో సహా క్షేమంగా ఉంది, రేపు అక్కడే వదిలేస్తాను. కానీ నా ప్రశ్న పేరు గురించి. ఆకుతొలుపు గారూ, మూడో కణుపు హృదయాకారంలో ఏమీ లేదు, అన్నీ సన్నగా, పూసల్లా ఒకే రకంగా ఉన్నాయి. ఇప్పుడు ఇంకా అయోమయంగా ఉంది.

భూతద్దం:

దుంగచాటు గారూ, మీరు చెప్పవలసినవి మూడు నాలుగు మిగిలిపోయాయి, అవే ఇక్కడ కీలకం. మొదటిది, నాలుగు కణుపులు మీరు ఏ కాలికి లెక్కపెట్టారు? ముందు కాలికా, మధ్య కాలికా, వెనుక కాలికా? పెంకు పురుగుల్లో ఆరు కాళ్లకూ ఒకే లెక్క ఉండాలన్న నియమం లేదు, అందుకే ముందు, మధ్య, వెనుక కాళ్ల లెక్కను వరుసగా మూడు అంకెలతో రాస్తారు. రెండోది, ఆ కణుపుల చివర రెండు గోళ్లు కనిపించాయా? గోళ్లు ఉంటే చివరి కణుపు ఊడిపోలేదని అర్థం, లేకపోతే విరిగిన కాలిని చూసి లెక్క వేసినట్టు అవుతుంది. మూడోది, దుంగ కింద దొరికిందని పచ్చికబయలు గారికి జవాబు ఇస్తే గాని మాకు తెలియలేదు. అలాంటి చోట దొరికిన నల్లని పురుగు అనగానే నాకు తోచేవి రెండు కుటుంబాలు, ఒకటి వేగంగా పరుగెత్తి వేటాడే కారాబిడే, రెండోది నెమ్మదిగా నడిచే టెనెబ్రియోనిడే. పై నుంచి చూస్తే ఈ రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. సీసా కదిపినప్పుడు అది ఎలా నడిచిందో కూడా రాయండి.

పదకోశం:

ఇక్కడ వాడుతున్న మాటలను ఒకసారి సరిచూసుకోవాలి, ఎందుకంటే అయోమయంలో సగం వాటివల్లే వస్తోంది. ప్రశ్నలో "జాతి" అన్నారు. జీవశాస్త్రంలో జాతి అన్నది అట్టడుగు మెట్టు, దానిపైన ప్రజాతి, ఆపైన కుటుంబం, ఆపైన క్రమం. పెంకు పురుగులన్నీ కలిసి కోలియాప్టెరా అనే ఒక క్రమం. ఇంతవరకు వర్ణించిన జాతులే దాదాపు 4 లక్షలు. ఇక్కడ జరుగుతున్న చర్చ అంతా కుటుంబం గురించి. ఇక "మీసాలు" అన్న మాట ఇంకా ఇబ్బంది. నోటి దగ్గర వేలాడే చిన్న పాల్ప్‌లను కూడా కొందరు మీసాలనే అంటారు. తల ముందు నుంచి వచ్చేవాటిని స్పర్శశృంగాలు అంటే ఎవరికీ అనుమానం ఉండదు. పొట్టివని మీరు చెప్పినవి ఏవి?

ఆకుతొలుపు:

పదకోశం గారూ, స్పర్శశృంగాలు అంటే పాఠ్యపుస్తకం చదివినవారికే తెలుస్తుంది. మీసాలు అంటే అందరికీ తెలుస్తుంది. కొత్తగా వచ్చినవారిని మాటలతో భయపెట్టడం అవసరమా?

పదకోశం:

భయపెట్టడం నా ఉద్దేశం కాదు. మీరే "నాలుగు కణుపులు" అన్న ఒక్క మాటను నమ్మి వేరే కుటుంబానికి వెళ్లిపోయారు. మాట స్పష్టంగా లేనప్పుడు జరిగేది అదే.

దుంగచాటు:

భూతద్దం గారూ, వెనుక కాలికే లెక్కపెట్టాను, అది బయటికి చాపి ఉంది కాబట్టి తేలికగా కనిపించింది. ఆరు కాళ్లకూ ఒకటే ఉంటుందనుకున్నాను. చివర రెండు గోళ్లు స్పష్టంగా ఉన్నాయి. నడక చాలా నెమ్మది. వేలితో తాకితే పరుగెత్తకుండా కాళ్లు ముడుచుకుని కదలకుండా ఉండిపోయింది. ఒక సంగతి రాయలేదు, అక్కరలేదనుకున్నాను: పట్టుకున్నప్పుడు ఘాటైన వాసన వచ్చింది, వేళ్లకు గోధుమ రంగు మరక అంటుకుంది, సబ్బుతో కడిగినా ఇంకా పోలేదు. ఇంకొకటి, కింద పల్చని రెక్కలు ఎలా ఉన్నాయో చూద్దామని పెంకులను మెల్లగా ఎత్తబోయాను, అవి విడిపోలేదు, అతికించినట్టు ఉన్నాయి. నాకు చేతకాలేదేమోనని వదిలేశాను. మీసాలు అంటే తల మీదివే, పదకోశం గారూ.

ఆరుకాళ్లు:

పెంకులను బలవంతంగా ఎత్తకండి. బతికున్న పురుగుకు గాయమవుతుంది.

భూతద్దం:

మీరు అక్కరలేదని వదిలేసినవే అసలు ఆనవాళ్లు. మీకు చేతకాకపోవడం కాదు. ఎగరడం మానేసిన ఎన్నో టెనెబ్రియోనిడే పురుగుల్లో రెండు పెంకులూ నడిమి గీత వెంట ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంటాయి. ఎడారుల్లో బతికే వాటికి ఆ అతుకు వల్ల ఒంట్లోని తేమ నిలుస్తుంది. గోధుమ మరక క్వినోన్లు అనే రసాయనాల వల్ల వచ్చినది, అవి చర్మానికి రంగు పట్టిస్తాయి. అయితే ఒక హెచ్చరిక: మరక ఒక్కటే చూసి నిర్ణయించకూడదు, ఎందుకంటే కారాబిడే కుటుంబంలోని బాంబార్డియర్ పెంకు పురుగు కూడా క్వినోన్లనే, అదీ సుమారు 100 డిగ్రీల వేడితో, చిమ్ముతుంది.

కాబట్టి తేల్చవలసింది కాళ్లే. పురుగును ఫ్రిజ్‌లో, గడ్డకట్టే అరలో కాకుండా కింది అరలో, కొద్ది నిమిషాలు ఉంచితే చలికి నెమ్మదిస్తుంది, ఏ హానీ జరగదు. అప్పుడు దాన్ని పల్చని గాజు పలక మీద పెట్టి, కింది నుంచి భూతద్దంతో చూడండి. ముందు కాలికి అయిదు, మధ్య కాలికి అయిదు, వెనుక కాలికి నాలుగు వస్తే, అంటే 5-5-4 అయితే, కారాబిడే కాదని చెప్పవచ్చు, ఎందుకంటే వాటిలో లెక్క 5-5-5. అదే సమయంలో పొట్ట మొదటి పలకను కూడా చూడండి. కారాబిడేలో వెనుక కాళ్ల మొదళ్లు వెనక్కి చొచ్చుకుపోయి ఆ పలకను రెండు ముక్కలుగా చీలుస్తాయి, వాటి పక్కనే చిక్కుడు గింజలాంటి పెద్ద ట్రోకాంటర్, అంటే కాలి మొదలుకూ తొడకూ మధ్య ఉండే ముక్క, కనిపిస్తుంది. టెనెబ్రియోనిడేలో ఆ పలక ఒక చివర నుంచి ఇంకో చివరకు తెగకుండా ఉంటుంది. ఇంకొక్కటి, తలను ముందు నుంచి చూసినప్పుడు స్పర్శశృంగం మొదలు బయటికి కనిపిస్తోందా, లేక కంటి ముందున్న చిన్న చూరు లాంటి అంచు కింద దాగి ఉందా? నేను మొదటిసారి ఆ చూరును గుర్తించిన రోజు అంతవరకు నా దగ్గరున్న ఫోటోలన్నీ మళ్లీ తెరిచి చూసుకున్నాను.

పదకోశం:

5-5-4 ఉన్నంత మాత్రాన టెనెబ్రియోనిడే అని చెప్పలేం. బొబ్బలు రేపే మెలోయిడే కుటుంబానికీ అదే లెక్క.

భూతద్దం:

నిజమే. కానీ మెలోయిడే పురుగుకు తల వెనుక సన్నని మెడ ఉంటుంది, పెంకులు మెత్తగా ఉంటాయి, గోళ్లు ఒక్కొక్కటీ రెండుగా చీలి ఉంటాయి. ఈ ఫోటోలో మెడ లేదు, తల వక్షంలోకి దిగి ఉంది.

ఆకుతొలుపు:

నా మొదటి సమాధానాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. టెనెబ్రియోనిడే అంటే నిల్వ పిండిలో పట్టే ఎర్రని చిన్న పురుగు కూడా ఉన్న కుటుంబమే కదా? పెంకు పురుగులన్నిటిలోకీ మొట్టమొదట, 2008లో, పూర్తి జన్యుక్రమం వెలువడినది దానిదే, ట్రైబోలియం కాస్టేనియం. దాని దగ్గరి బంధువైన ట్రైబోలియం కన్ఫ్యూసంతో పోల్చితే స్పర్శశృంగమే ఆనవాలు: మొదటిదానిలో చివరి మూడు కణుపులు ఉన్నట్టుండి లావై గద లాగా ఉంటాయి, రెండోదానిలో మెల్లమెల్లగా లావవుతాయి.

పదకోశం:

ఆ పోలిక బాగుంది. "మీసాలు పొట్టివి" అని ఊరుకుంటే ఆ రెండింటినీ విడదీయలేం.

దుంగచాటు:

ఇప్పుడే చూశాను. ఫ్రిజ్‌లో అయిదు నిమిషాలు ఉంచి గాజు పలక మీద పెట్టాను. ముందు కాళ్లు రెండింటికీ అయిదేసి, మధ్య కాళ్లకూ అయిదేసి, వెనుక కాళ్లకు నాలుగేసి. మొదటి కణుపు కాలి గొట్టం అంచులో సగం దాగి ఉంది కాబట్టి ముందు కాలిని మూడుసార్లు లెక్కపెట్టవలసి వచ్చింది. పొట్ట పలక తెగలేదు. మీరు చెప్పిన చూరు ఉంది. కన్ను దాని వల్ల నొక్కుకుపోయి చిక్కుడు గింజ ఆకారంలో కనిపిస్తోంది, స్పర్శశృంగం ఆ చూరు కింది నుంచి పూసల దండలా బయటికి వస్తోంది. పొడవు స్కేలు మీద 17 మిల్లీమీటర్లు. కింది భాగం ఫోటో, స్కేలుతో సహా, జత చేశాను. ఇక జాతి పేరు చెప్పగలరా?

భూతద్దం:

చాలా చక్కగా చూశారు. టెనెబ్రియోనిడే అనడంలో నాకు ఇక సందేహం లేదు. జాతి మాత్రం ఈ ఫోటోల మీద చెప్పలేను, చెబితే అది ఊహే అవుతుంది. ఆ ఒక్క కుటుంబంలోనే 20,000కు పైగా జాతులు ఉన్నాయి. నల్లగా, నునుపుగా ఉండే ప్రజాతుల్లో జాతిని విడదీయడానికి చాలాసార్లు మగ పురుగు జననాంగాలను సూక్ష్మదర్శిని కింద చూడవలసి ఉంటుంది, దానికి పురుగును చంపాలి. మీ నమోదులో కుటుంబం పేరు రాసి, దొరికిన తేదీ, స్థలం, దుంగ కింద అన్న మాట, పొడవు, 5-5-4 లెక్క, ఈ ఫోటోలు జత చేసి ఉంచండి. ఆ కుటుంబం మీద పనిచేసేవారు ఎప్పుడైనా చూస్తే పెంకుల మీది గీతలను బట్టి కనీసం ప్రజాతి వరకు చెప్పే అవకాశం ఉంది. యాప్ ఇచ్చిన జాతి పేరును మాత్రం అక్కడ రాయకండి, ఒకసారి రాస్తే దాన్ని చూసి ఇంకొకరు రాస్తారు.

ఆరుకాళ్లు:

కుటుంబం విషయంలో అంగీకరిస్తున్నాను. పెంకుల మీది గీతలు కనిపించేలా, వెలుగు పక్క నుంచి పడేటట్టు ఇంకో ఫోటో కావాలి.

పచ్చికబయలు:

వదిలేటప్పుడు దుంగను ఎత్తకండి. దాని అంచున, నీడలో వదిలితే అదే లోపలికి వెళ్తుంది.

దుంగచాటు:

ఇప్పుడే అంచున వదిలి వచ్చాను, రెండు నిమిషాలు కదలలేదు, ఆ తర్వాత బెరడు కిందికి వెళ్లిపోయింది. పక్క వెలుగు ఫోటో తీయడం మరిచిపోయాను. అందరికీ ధన్యవాదాలు.

ఆకుతొలుపు:

ఆ దుంగ ఏ చెట్టుదో చెప్పగలరా?