కార్నివాల్ అంటే అసలు అర్థం ఏమిటి?

ప్రశ్న: గోవాలోని వాస్కోలో ఉద్యోగం నాది. మొన్న ఫిబ్రవరిలో పణజీలో కార్నివాల్ ఊరేగింపు చూశాను. కిరీటం పెట్టుకుని పండగ రాజు ‘మోమో’ వేషం కట్టిన మనిషి, శకటాలు, రోడ్డంతా బ్యాండు మోత. మా ఓనరాంటీ మాత్రం దాన్ని ‘ఇంత్రూజ్’ అంటారు. కార్నివాల్ అంటే ‘మాంసమా, ఇక సెలవు’ అని చదివాను. నిజమేనా అండీ?

జవాబు 1: భావం దగ్గరగానే ఉంది, పుట్టుక అది కాదండీ. మీరు చదివిన ‘మాంసమా, ఇక సెలవు’, అంటే లాటిన్‌లో ‘కార్నే వాలే’, తర్వాత అల్లుకున్న కథ. పాత ఇటాలియన్‌లో ‘కార్నెలెవారే’ అనేవారు. కార్నే అంటే మాంసం, లెవారే అంటే తీసేయడం. అదే నోళ్లలో నలిగి కార్నెవాలే అయింది. మాటలు ఇలా అరిగి కొత్త రూపం తెచ్చుకోవడం నాకు భలే ఇష్టం.

జవాబు 2: మాది గుంటూరు దగ్గర ఆర్‌సీఎం (రోమన్ కేథలిక్) కుటుంబం. కార్నివాల్ మా ఉపవాస కాలానికి ముందు వచ్చే పండగ, అందుకే మాంసం మాట. విభూది బుధవారం నుంచి ఈస్టర్ దాకా, ఆదివారాలు తీసేస్తే 40 రోజులు ఉపవాస కాలం. మా అమ్మమ్మ అన్నాళ్లూ మాంసం గడప దాటనిచ్చేది కాదు. ముందురోజు మంగళవారం రాత్రి మాత్రం కోడికూర ఉండాల్సిందే! ఫ్రెంచివాళ్లు ఆ రోజునే ‘మార్దీ గ్రా’ అంటారు, అంటే కొవ్వు మంగళవారం.

జవాబు 3: ఇంత్రూజ్‌కి మూలం పోర్చుగీసు ‘ఎంత్రూదు’, దానికి లాటిన్ ‘ఇంట్రోయిటస్’. అంటే ప్రవేశం. ఉపవాసాల్లోకి అడుగుపెట్టే రోజులన్నమాట.

ప్రశ్న వేసినవారు: ఒకే పండగకి ఒక పేరు వదిలేయడం, ఇంకో పేరు అడుగుపెట్టడం! ఈ సాయంత్రమే ఆంటీకి చెబుతాను.