అప్‌డేట్: కాలేజీ ఐస్ హాకీ కోచ్ అవుతానన్న మా అబ్బాయి సంగతి

మోకాలి దెబ్బతో ఆట ఆగిపోయింది, కోచింగ్‌లోకి వెళ్తానంటున్నాడు, దారి ఏమిటని అడిగాను కదా (మిన్నెసోటాలో ఉంటాం, కాలేజీ మూడో ఏడు). సలహాలిచ్చిన అందరికీ చాలా థాంక్స్.

డెన్వర్ యూనివర్సిటీ హాకీ కోచ్ డేవిడ్ కార్ల్ గురించి చదవమన్నారొకరు. మావాడిని నిలబెట్టింది అదే. 2008లో గుండె సమస్య బయటపడి, కార్ల్ ఒక్క కాలేజీ మ్యాచ్ కూడా ఆడకుండానే ఆట వదిలేయాల్సి వచ్చింది. డెన్వర్ యూనివర్సిటీ మాత్రం స్కాలర్‌షిప్ ఆపలేదు. చదువుకుంటూనే కోచ్‌ల దగ్గర పని నేర్చుకున్నాడు. గ్రీన్ బేలో జూనియర్ (కాలేజీకి ముందు కుర్రాళ్లు ఆడే) జట్టుకు అసిస్టెంట్, మళ్లీ డెన్వర్‌లో అసిస్టెంట్, 2018లో 28 ఏళ్లకే హెడ్ కోచ్. 2022, 2024లో జాతీయ టైటిళ్లు!

మావాడు నేరుగా వెళ్లి వాళ్ల కోచ్‌ని అడిగాడు. జీతం లేదు, వీడియో పని. అవతలి జట్టు పవర్‌ప్లే (ఎదుటివాళ్లలో ఒకరు పెనాల్టీతో బయట ఉన్నప్పుడు ఎక్కువ మందితో ఆడే సమయం) క్లిప్పులు కత్తిరించి, పక్‌ని (ఆటలో కొట్టే రబ్బరు బిళ్లని) ఎదుటి జట్టు గోల్ వైపు జోన్‌లోకి ఎలా తెస్తున్నారో గుర్తులు పెట్టాలి. మొన్న వాడు పట్టుకున్న క్లిప్ ఒకటి, గోలీ (గోల్‌కీపర్) పక్కకి జరిగేటప్పుడు కాలి ప్యాడ్ ఆలస్యంగా దించుతున్నది, కోచ్ టీమ్ అందరికీ వేసి చూపించారట. ఫోన్‌లో వాడి గొంతు మీరు వినాల్సింది.

అసిస్టెంట్ కోచ్‌లకి రిక్రూటింగ్ (కొత్త ఆటగాళ్లని వెతికి తెచ్చే) పనే బోలెడు, వారాంతాలు జూనియర్ రింకుల్లోనే గడిచిపోతాయట. వాళ్ల నాన్నకి జీతం గురించి బెంగ ఇంకా తీరలేదు. డివిజన్ 3 (కాలేజీ క్రీడల్లో మూడో స్థాయి) కాలేజీల్లో గ్రాడ్యుయేట్ అసిస్టెంట్ (పీజీ చదువుతూ కోచ్‌కి సాయపడే) పోస్టుల గురించి తెలిసినవాళ్లుంటే చెప్పండి, వచ్చే ఏడాది అప్లై చేస్తాడు.