పన్నెండు మందిలో పది మంది మాటతో పడిన శిక్షలు: పాత కేసులు తిరగదోడాలా?

ఒరెగాన్ వాన:
తీవ్రమైన నేరాల్లో జ్యూరీ (దోషా కాదా అని తేల్చే మామూలు పౌరుల బృందం) సభ్యులందరూ ఏకగ్రీవంగా చెబితేనే దోషి అని 2020లో రామోస్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. అప్పటిదాకా లూజియానా, ఒరెగాన్‌లలో చాలా కేసులకు పన్నెండు మందిలో పది మంది చాలేది. మరి అప్పటికే అప్పీళ్లన్నీ ముగిసి జైల్లో మగ్గుతున్నవారి మాటేమిటి? ఫెడరల్ కోర్టుల ద్వారా వారికి ఊరట లేదని 2021లో ఎడ్వర్డ్స్ కేసులో అదే కోర్టు 6-3తో చెప్పింది, రాష్ట్రాలు కావాలంటే ఇచ్చుకోవచ్చని వదిలేసింది. 2022 అక్టోబరులో లూజియానా సుప్రీంకోర్టు రెడ్డిక్ కేసులో కుదరదంది. డిసెంబరులో ఒరెగాన్ సుప్రీంకోర్టు వాట్కిన్స్ కేసులో కుదురుతుందంది. నా ఓటు ఒరెగాన్‌కే.

పాత ప్లీడరు:
ఓటు వేయడం సులువే. రెడ్డిక్‌కు హత్య కేసులో శిక్ష పడింది 1997లో. ఇప్పుడు సాక్షులను ఎక్కడ వెతుకుతారు? ఉన్నవారికి ఏం గుర్తుంటుంది? అత్యాచారం కేసయితే ఆమె మళ్లీ బోనెక్కి అదంతా మొదటినుంచి చెప్పాలి. పైగా పది మంది చాలన్న పద్ధతిని 1972లో సుప్రీంకోర్టే సమర్థించింది. నాటి జడ్జీలు అమల్లో ఉన్న చట్టాన్నే పాటించారు కదా?

ఒరెగాన్ వాన:
ఆ చట్టం పుట్టుక చూడండి ప్లీడరు గారూ. 1898లో లూజియానా రాజ్యాంగ సభ పెట్టుకున్న లక్ష్యమే తెల్లజాతి ఆధిపత్యం. నల్లవారిని జ్యూరీలోంచి తప్పించడం కుదరదు కాబట్టి, ఒకరిద్దరు ఉన్నా వారి మాట చెల్లకుండా చేశారు. ఒరెగాన్‌లో 1934 సవరణకు ఊతం, ఒక యూదుడి మీద నడిచిన హత్య కేసులో ఒక్క సభ్యుడు అడ్డం తిరగడం మీద రేగిన గోల. ఇలాంటి పునాది మీద పడిన శిక్షకు పాతబడింది కాబట్టి పవిత్రత వస్తుందా?

కాకినాడ కుర్రాడు:
నాకో సందేహం. 2002లో భుల్లర్ కేసులో మన సుప్రీంకోర్టు ధర్మాసనంలో ముగ్గురిలో ఒకరు నిర్దోషి అన్నారు. అయినా మరణశిక్ష ఖాయమైంది, యావజ్జీవంగా మారడానికి 2014 దాకా పట్టింది. మనం 2-1నే సరిపెట్టుకుంటుంటే, అక్కడ 10-2 అంత ఘోరమా?

ఒరెగాన్ వాన:
మంచి ప్రశ్న. మన జడ్జీలు కారణాలు రాయాలి. ఒప్పుకోనివారు తమ అభ్యంతరమూ రాస్తారు, రేపు ఎవరైనా దాన్ని పట్టుకుని వాదించవచ్చు. జ్యూరీ ఒక్క ముక్క చెప్పి ఇంటికి వెళ్లిపోతుంది. కాదన్న ఆ ఇద్దరికి కనిపించిన లోపమేమిటో ఏ కాగితంలోనూ ఉండదు. అందుకే అక్కడ ఏకగ్రీవం తప్ప వేరే కాపలా లేదు. (ఒరెగాన్‌లో సివిల్ దావాలకు ఇప్పటికీ తొమ్మిది మంది చాలు. దాని మీద నాకు పేచీ లేదు.)

పాత ప్లీడరు:
కాపలా అవసరమని నేనూ అంటాను. నా తగువు వెనక్కి ఎంత దూరం వెళ్లాలన్నదాని మీదే. లూజియానా ఓటర్లు 2018లో పద్ధతి మార్చుకున్నప్పుడు కూడా 2019 జనవరి 1 నుంచి జరిగే నేరాలకే అన్నారు.

చికాగో చలి:
ఎడ్వర్డ్స్ కేసులో జస్టిస్ కేగన్ అసమ్మతి చదవండి. రామోస్ కేసులో ఆమె తీర్పుతో విభేదించిన మైనారిటీ జడ్జీల వైపే ఉన్నారు. ఏడాది తిరిగాక, ఏకగ్రీవం అంత మౌలికమని మీరే తీర్మానించారు కదా, ఇక పాతవారికి ఎందుకు ఇవ్వరని నిలదీశారు. ఇంకొకటి, ఆ రామోస్‌కు మొదట 10-2తో పెరోలు లేని యావజ్జీవం పడింది. 2023లో మళ్లీ విచారిస్తే నిర్దోషిగా బయటికొచ్చాడు.

పాత ప్లీడరు:
ఏళ్లు గడిచాక ప్రాసిక్యూషన్ బలహీనపడటం మామూలే. నిర్దోషి అని తేలినవారందరూ అమాయకులు కారు.

చికాగో చలి:
పది మంది దోషి అన్నవారందరూ దోషులూ కారు. అటు నేరగాడు తప్పించుకుంటే మీకు బాధ, ఇటు అమాయకుడు లోపల ఉండిపోతే నాకు బాధ. క్రిమినల్ చట్టం ఈ రెండింటినీ సమానంగా తూచదు. మీరు ఇన్నేళ్లు కోర్టులో వాదించింది దాని మీదే కదా?