సమస్య: "కరకు మాట మనసు కరుగఁజేసె"

సమస్య ఇచ్చినవారు:
ఈ పాదం చివర వచ్చేలా ఆటవెలది పద్యంలో పూరించండి. ఇంగ్లీషులో గ్రఫ్ అంటారే, డచ్చి భాషలో గరుకు అనే అర్థమున్న గ్రోఫ్ నుంచి వచ్చిన మాట, గొంతుకీ మనిషికీ అదొక్కటే సరిపోతుంది. మనకైతే గొంతు బొంగురు, మాట కరకు, మనిషి మోటు, దేని మాట దానిదే. అలాంటి మనిషి ఒకరు పద్యంలోకి రావాలి.

పూరణ 1 (రాజమండ్రి నుంచి):

బొంగురైన గొంతు పొమ్మని కసరియు
తలుపు వెనుక నిలిచి తల్లడిల్లు
తాత కంటి నీరు గడపను తడిపెను
కరకు మాట మనసు కరుగఁజేసె

నేర్చుకుంటున్నాను మాస్టారూ, తప్పులుంటే చెప్పండి. హాస్టల్‌కి బయల్దేరే రోజు మా తాతయ్య నన్ను ఇలాగే తిట్టి లోపలికి పోయేవారు.

సమస్య ఇచ్చినవారు:
గణాలు కుదిరాయమ్మా. మూడో పాదంలో యతి, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో జోడీగా రావలసిన అక్షరం, తప్పింది. 'తా'కి 'గ' చెల్లదు, "తడిపెను గడపను" అని అటూ ఇటూ మారిస్తే చాలు. అసలు చిక్కు వేరే ఉంది: ఇక్కడ మనసు కరిగింది కన్నీటికి, కరకు మాటకి కాదు. సమస్యలోనే చూడండి, కరుగన్ చివరి ద్రుతం (న్) తగిలేసరికి 'చేసె'లోని పరుషం (చ) 'జేసె' అని సరళమైంది (జ), అలా ఆ కరకు మాటే పని చెయ్యాలి.

పూరణ 2 (వరంగల్ నుంచి):

అన్న, భీముఁ డిడిన యన్నము తిందువే
కుక్క వోలె నింకఁ గూరుచుండి
విదురుఁ డనఁగ నంధవిభుఁ డేగె నడవికి
కరకు మాట మనసు కరుగఁజేసె

ఒక సభ్యురాలు:
కుక్క అనడం మరీ ఎక్కువ కదండీ?

వరంగల్ మిత్రులు:
ఆ పోలిక భాగవతం ప్రథమస్కంధంలోనే ఉందండీ. కొడుకుల్ని చంపినవాడి చేతి ముద్ద తింటూ ఆ ముసలి ధృతరాష్ట్రుడు ఇంకా ఆ ఇంట్లోనే కూర్చుంటే, తీర్థయాత్ర నుంచి తిరిగొచ్చిన తమ్ముడు మెత్తగా చెబితే లేస్తాడా? ఆ మాట పడ్డాకే ఎవరికీ చెప్పకుండా గాంధారితో కలిసి ఉత్తరానికి వెళ్లిపోయాడు.

సమస్య ఇచ్చినవారు:
ఇందులో కరిగింది మమకారం, కరిగించింది మాట. చాలా బాగుంది.

రాజమండ్రి నుంచి, మళ్లీ:

బొంగురైన గొంతు బువ్వను దినకుండఁ
గదలె దేల యనుచుఁ గసరె నపుడు
తాత ముందు మరలి తలవంచి కూర్చుంటి
కరకు మాట మనసు కరుగఁజేసె

సమస్య ఇచ్చినవారు:
బొంగురుకి బువ్వ యతిగా కుదరడమే కాదు, ఆ గొంతులోంచి ఆ మాట రావడంతోనే తాతగారు కళ్లముందు కనిపించారమ్మా. ఆ 'బువ్వ'ని మాత్రం మార్చకండి.